ఐదు మిల్లీమీటర్లు, ఒక సైజు ఎక్కువ

మొదటిసారి బోర్డు మీద నుంచి సముద్రంలో పడ్డప్పుడు నీళ్లు మెడ వెనక నుంచి లోపలికి దిగాయి. వీపంతా జారి, నడుము దగ్గర ఒక్క క్షణం నిలిచి, అక్కడి నుంచి రెండు కాళ్లలోకీ పోయాయి. వెట్‌సూట్‌లోకి కొన్ని నీళ్లు రావడం మామూలే. ఒంటికీ రబ్బరుకీ మధ్య పల్చటి పొరలా నిలిచిపోయి, ఒంటి వేడికి అవే వెచ్చబడతాయి. ఆ సూట్ పనిచేసేదే అలా. కానీ ఈ నీళ్లు నిలవలేదు. బోర్డు ఎక్కి మోకాళ్ల మీద కూర్చున్నాక, పొట్ట దగ్గర రబ్బరు మడతలో అవి అటూ ఇటూ కదలడం నాకు వినిపించింది. సగం నిండిన బిందెని చంకనెత్తుకుంటే వచ్చే చప్పుడు. అప్పుడు తెలిసింది నాకు, తప్పు చేశానని. ఏం తప్పో కూడా తెలిసింది.

అయినా వెనక్కి తిరగలేదు.

మే నెల మొదటి వారాంతం. మేముండే పిస్కాటవే ఊరి నుంచి సముద్రం కారులో గంట దూరం. ఆ రోజు గాలి వెచ్చగా ఉంది. ఒడ్డున జనం చొక్కాలు విప్పేసి ఇసుకలో పడుకున్నారు. నీళ్లు మాత్రం ఇంకా మార్చి నెలలోనే ఉన్నాయి. సముద్రం ఎండకి అంత తొందరగా లొంగదు. వేసవి వేడి దానికి పూర్తిగా పట్టేసరికి ఒడ్డున సెప్టెంబరు వచ్చేస్తుంది. ఆ రోజు ఉదయం నీళ్లు, ఇక్కడి ఫారెన్‌హీట్ లెక్కలో, యాభై ఒక్క డిగ్రీలని ఫోన్‌లో చూశాను. ఇంట్లో ఫ్రిజ్‌లోంచి తీసి ఓ పావుగంట బయట పెట్టిన సీసా ఎంత చల్లగా ఉంటుందో దాదాపు అంత.

నేను భయస్తురాలిని. స్టవ్ ఆపానో లేదో రెండుసార్లు చూస్తాను. పాపకి ఎనిమిదేళ్లొచ్చినా, బాబుకి ఐదొచ్చినా, పడుకున్నాక వాళ్ల గదిలోకి వెళ్లి ఊపిరి విని వస్తాను. అలాంటి మనిషి సముద్రంలోకి ఎందుకు వెళ్తుందని తెలిసినవాళ్లు అడుగుతారు. బాబు పుట్టాక నాలుగేళ్లు నాకు సరిగ్గా నిద్ర లేదు. తలలో ఎప్పుడూ పది భయాలు ఒకేసారి తిరుగుతుండేవి. కిందటి సెప్టెంబరులో, నిలబడి తెడ్డు వేస్తూ అలల మీద జారే ఆట ఒకటి ఉందని విని, ఒడ్డున ఉన్న చిన్న షాపులో నాలుగు పాఠాలకి చేరాను. బోర్డు మీద నిలబడినప్పుడు ఒక్క భయానికే చోటుంటుంది. పడతానేమో అని. మిగతా తొమ్మిదీ ఒడ్డున ఆగిపోతాయి. ఇంటికి వచ్చి ఆ రాత్రి ఏడు గంటలు నిద్రపోయాను. అందుకే వెళ్తాను.

పాఠం చెప్పిన ఆవిడకి అరవై దాటి ఉంటాయి. ముఖమంతా ఎండకి మచ్చలు. చలికాలం ముందు చివరి పాఠం అయ్యాక, వసంతంలో చన్నీళ్లలోకి రావాలంటే ఎంత మందం సూట్ కొనాలని ఆవిడని అడిగాను. ఆవిడ ఎదురు ప్రశ్న వేసింది.

"నువ్వు గంటకి ఎన్నిసార్లు పడతావు?"

"ఐదారు సార్లు."

"నిజం చెప్పు. సూట్‌కి అబద్ధం చెబితే సముద్రం కనిపెడుతుంది."

"పది."

ఆవిడ తల ఊపింది. బాగా నిలబడగలిగిన వాళ్లు ఆ నీళ్లకి కూడా పల్చటిది వేసుకుంటారట. వాళ్లు నీళ్లలో కాదు, నీళ్ల పైన ఉంటారు, తెడ్డు వేస్తే చెమట పడుతుంది, మందం ఎక్కువైతే ఉక్కపోస్తుంది. పడేవాళ్లకి లెక్క వేరు. గాలి ఎంత వెచ్చగా ఉందో చూడకూడదు, నీళ్లని చూడాలి, తరవాత తననే చూసుకోవాలి. ఆవిడ చెప్పింది అంతే.

ఆ చలికాలమంతా నేను మందం గురించి చదివాను. సూట్ మీద రెండు అంకెలుంటాయి. మొదటిది ఛాతీకీ వీపుకీ, రెండోది చేతులకీ కాళ్లకీ. మూడు–రెండు, నాలుగు–మూడు, ఐదు–నాలుగు, అన్నీ మిల్లీమీటర్లలో. నాలుగు–మూడు తీసుకుంటే చేయి తేలిగ్గా ఆడుతుంది. ఐదు–నాలుగు తీసుకుంటే భుజం బరువెక్కుతుంది గానీ వెచ్చన. ఆ ఒక్క మిల్లీమీటరు కోసం మూడు వారాలు తేల్చుకోలేకపోయాను. పిల్లలు నిద్రపోయాక ఎంతమంది అనుభవాలు చదివానో. చివరికి ఐదు–నాలుగు అని నిర్ణయించుకున్న రోజు పరీక్ష పాసైనంత సంబరపడ్డాను.

సైజు గురించి మూడు నిమిషాలు కూడా ఆలోచించలేదు.

"మనిద్దరం ఎప్పుడైనా ఒకేసారి నీళ్లలోకి దిగుతామా?" అన్నాడు మా ఆయన. తనకీ ఆ వేసవిలో నేర్చుకోవాలని ఉంది. "ఒకళ్లు పిల్లల్ని చూడాలి కదా."

"దిగం."

"మరి రెండెందుకు? నా సైజ్ బుక్ చేస్తే ఇద్దరికీ వస్తుంది. నీ సైజ్ తీసుకుంటే నాకు మోకాలి దాకా కూడా ఎక్కదు."

సబబుగానే తోచింది. ఎందుకు తోచదు? నేను పెరిగిందే అలా. జూన్‌లో అమ్మ నన్ను టైలర్ దగ్గరికి తీసుకెళ్లి, యూనిఫాం కొలతలిస్తూ ప్రతిసారీ ఒకే మాట అనేది. "పెరిగే పిల్ల, రెండంగుళాలు ఎక్కువ పెట్టండి." గౌను అంచు లోపలికి మడిచి కుట్టేవాడు. ఏడాది తిరిగేసరికి అమ్మ ఆ మడత విప్పేది. వెలిసిన నీలం కింద కొత్త నీలం చార ఒకటి కనిపించేది. బూట్ల ముందు భాగంలో దూది కుక్కుకుని నడిచాను. ఏదైనా సరిగ్గా సరిపోయిందంటే, త్వరలో పనికిరాకుండా పోతుందని అర్థం మా ఇంట్లో. నా పిల్లల చలికోట్ల చేతులు ఇప్పటికీ రెండు మడతలు పెట్టి ఉంటాయి.

సూట్‌తో పాటే పిల్లలకి లైఫ్ జాకెట్లు కూడా తెప్పించాను. జూన్‌లో ఊరి దగ్గరి సరస్సులో వాళ్లకి బోటు క్లాసు ఉంది. ఇద్దరికీ ఒకే సైజు. బాబుకి కాస్త వదులు. వచ్చే ఏడు కూడా వస్తుందిలే అనుకున్నాను.

సూట్ వచ్చిన రోజు హాల్లో వేసుకుని చూశాను. ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన మా అత్తయ్యగారు సోఫాలో కూర్చుని వింతగా చూశారు.

"ఏవిటమ్మా ఇది, గేదె తోలులా ఉందీ?"

"చలికి, అత్తయ్యా."

"బాగుంది. గేదెకీ చలెయ్యదు మరి."

నడుము వెనక గుప్పెడు రబ్బరు చేతికొచ్చింది. మెడ దగ్గర రెండు వేళ్లు దూరాయి. మణికట్ల దగ్గర మడిచాను.

"కాస్త వదులేమో," అన్నాను.

"వదులే నయం తల్లీ, ఊపిరాడుతుంది. మరీ ఒంటికి అతుక్కుంటే బాగోదు కూడాను," అన్నారావిడ. నలుగురిలో ఒంటికి అతుక్కున్న బట్టలతో తిరగడం నాకూ ఇబ్బందే. కాబట్టి ఆ మాట నాకు నచ్చింది. బిగుతే ఆ సూట్ పని అన్న సంగతి చదవకపోలేదు. ఎన్నో చోట్ల చదివాను. మిల్లీమీటర్ల మధ్య ఎక్కడో అది కళ్లముందు నుంచి జారిపోయింది.

రెండోసారి పడ్డప్పుడు మళ్లీ కొత్త నీళ్లు వచ్చాయి. లోపల అప్పుడప్పుడే కాస్త వెచ్చబడుతున్నవి చీలమండల దగ్గర నుంచి పోయాయి, మెడ దగ్గర చల్లనివి దిగాయి. 'ఐదు మిల్లీమీటర్లు, ఐదు మిల్లీమీటర్లు,' అని నాలో నేను అనుకున్నాను. అంత మందం వేసుకున్న మనిషికి చలి వేయకూడదు కదా. వెనక్కి వెళ్లకపోవడానికి కారణం అదీ, ఇంకొకటీ. పాప ఒడ్డున నిలబడి చూస్తోంది. ఎనిమిది నెలలు నేను ఈ రోజు గురించి చెప్పగా విన్న పిల్ల. వెళ్లిన ఐదు నిమిషాలకే తిరిగొస్తే ఏం చెప్పాలి?

మూడోసారి, నాలుగోసారి. అలలు నడుమెత్తు కూడా లేవు. కిందటి సెప్టెంబరులో వీటి మీద నవ్వుతూ జారాను. నాలుగోసారి బోర్డు పైకి ఎక్కేటప్పుడు కాళ్లు రాలేదు. సూట్ కాళ్లలో నీళ్లు నిండి, తడిసిన పరుపుని లాగుతున్నట్టు ఉంది. ఎలాగో ఎక్కి బోర్లా పడుకున్నాను. తెడ్డు కోసం చూస్తే అది నా చేతిలోనే ఉంది. పట్టుకున్నట్టు చేతికి తెలియడం లేదు. పల్చటి తొడుగుల లోపల వేళ్లు ఎవరివో అన్నట్టున్నాయి. ముడుచుకోమంటే ముడుచుకోలేదు.

ఒడ్డు వైపు చూశాను. మా ఆయన వంగుని బాబుతో గొయ్యి తవ్వుతున్నాడు. పాప ఎరుపు స్వెటర్ ఇందాకటి కంటే చిన్నగా ఉంది. ఎందుకు చిన్నగా ఉందో అర్థమవడానికి కాసేపు పట్టింది. గాలి ఒడ్డు వైపు నుంచి వీస్తోంది. ఎండలో హాయిగా ఉన్న ఆ గాలే నన్ను మెల్లగా లోపలికి తోస్తోంది. చేతులతో నీళ్లు తోయడం మొదలుపెట్టాను. ఇరవై సార్లు తోసి చూశాను. స్వెటర్ పెద్దదవలేదు.

ఆ క్షణంలో నేనేం ఆలోచించానో దాచకుండా రాయాలని కూర్చున్నాను కాబట్టి రాస్తున్నాను. దేవుణ్ణి తలుచుకోలేదు. సోమవారం పాపని స్కూల్ నుంచి ఎవరు తెస్తారు అనుకున్నాను. మా ఆయనకి ఆ రోజు ఆఫీసులో మీటింగ్ ఉంది. బాబుకి ఏ మందు పడదో ఆయనకి గుర్తుందా అనుకున్నాను. అది ఫ్రిజ్ మీద రాసి పెట్టాలని చాలా రోజుల నుంచి అనుకుంటూ రాయలేదు.

నాకు కొంచెం దూరంలో ఒక ముసలాయన సర్ఫ్‌బోర్డు మీద కూర్చుని అల కోసం చూస్తున్నాడు. పిలిస్తే వినిపించేంత దూరం. పిలవలేదు. ఆయన ఆట పాడుచేయడం ఎందుకని, ఇంకో పది సార్లు తోసి చూద్దామని. ఆ పదీ అయ్యాక ఇంకో పది. మా వాళ్లలో ఈ జబ్బు ఉంది. ప్రాణం పోయేలా ఉన్నా ఎదుటివాళ్లకి ఇబ్బంది అనుకుంటాం. చివరికి పిలుద్దామని నోరు తెరిస్తే పెదవులు కదల్లేదు. వచ్చిన మాట నాకే అర్థం కాలేదు. ఆయనకి మాట అందలేదు గానీ గొంతు అందినట్టుంది, తిరిగి చూశాడు. మళ్లీ అరిచాను. ఈసారి ఒక్కటే మాట, హెల్ప్.

ఆయన నా దగ్గరికి వచ్చాడు. నా తెడ్డు తీసుకుని తన బోర్డు మీద తన కింద పెట్టుకున్నాడు. నా చీలమండకి కట్టి ఉన్న తాడు విప్పి, బోర్డుకి కట్టిన రెండో కొస అలాగే ఉంచి, విప్పిన కొస తన కాలికి కట్టుకున్నాడు. "పట్టుకుని పడుకో, ఇంకేం చేయకు," అన్నాడు. తన బోర్డు మీద బోర్లా పడుకుని, రెండు చేతులా నీళ్లు తోస్తూ నన్ను లాక్కెళ్లాడు. దారిలో మాట్లాడుతూనే ఉన్నాడు. పిల్లలున్నారా, ఎంతమంది, పేర్లేమిటి, ఆ ఎర్ర స్వెటర్ నీ కూతురేనా. నన్ను మెలకువగా ఉంచడానికని తరవాత అర్థమైంది. అప్పుడు మాత్రం, ఈయనకెందుకు ఇన్ని వివరాలు అనుకున్నాను.

నీళ్లు మోకాలి లోతుకొచ్చాక నన్ను నిలబెట్టి, నా సూట్‌ని మెడ దగ్గర రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూశాడు. అది ఇంత దూరం వచ్చింది.

"ఇది ఎవరి సూట్?" అన్నాడు.

"మా ఇద్దరిదీ," అన్నాను.

ఆయన నవ్వలేదు. "ఇందులో ఇద్దరు పడతారు. నిజమే," అన్నాడు. మా ఆయన పరిగెత్తుకొస్తుంటే నన్ను ఆయనకి అప్పగించి, నా తెడ్డు ఇసుకలో గుచ్చి, తన బోర్డు తీసుకుని మళ్లీ నీళ్లలోకి వెళ్లిపోయాడు. కృతజ్ఞతలు చెప్పానో లేదో నాకు గుర్తు లేదు.

కారు వెనక తలుపు చాటున నిలబెట్టి మా ఆయన సూట్ లాగుతుంటే, చీలమండల దగ్గర నుంచి నీళ్లు ధారగా పోయాయి. బకెట్ ఒంపినట్టు పోతూనే ఉన్నాయి.

"అమ్మా, యూ ఆర్ లీకింగ్," అని బాబు పకపకా నవ్వాడు.

పాప నవ్వలేదు. నా ముఖంలోకి చూసింది. "నాన్నా, అమ్మ లిప్స్ బ్లూ ఎందుకు ఉన్నాయి?"

"ఐస్‌క్రీమ్ తిందిలే," అన్నాడాయన.

"సముద్రంలో ఐస్‌క్రీమ్ ఎక్కడుంది?"

కారు హీటర్ పూర్తిగా పెట్టి, దుప్పటి చుట్టి, ఫ్లాస్కులోని టీ నా చేతికిస్తే కప్పు పట్టుకోలేకపోయాను. ఆయనే తాగించాడు. వణుకు మొదలైంది. పళ్లు టకటకా కొట్టుకున్నాయి. వణుకు రావడం మంచి గుర్తని చదివాను. దారి సగం దాకా అది ఆగలేదు. ఆయన ఒక్క చేత్తో డ్రైవ్ చేస్తూ రెండో చేత్తో నా మోకాలు పట్టుకుని ఉన్నాడు. ఇంటి మలుపు దగ్గర మాత్రం ఒక్క మాట అన్నాడు. "నా సైజ్ అన్నది నేనే కదా."

"ఒప్పుకున్నది నేను," అన్నాను.

ఇంటికొచ్చాక అత్తయ్యగారు విషయం విని మిరియాల చారు పెట్టి తెచ్చారు. పక్కన కూర్చుని నా పాదాలు తన ఒళ్లోకి తీసుకుని రుద్దారు. "వదులు నయమని నేనే అన్నాను," అన్నారు మెల్లగా. తరవాత, "పిల్లలకి మాత్రం చెప్పకమ్మా. పసివాళ్లు, బెదిరిపోతారు," అన్నారు. మా ఆయనా అదే అన్నాడు. నేనూ ఊ అన్నాను.

ఇప్పుడందరూ పడుకున్నారు. ఎప్పటిలా పిల్లల ఊపిరి వినడానికి వెళ్లాను. ఉతికిన తువాళ్లు లోపల పెడదామని వాషింగ్ మెషిన్ గదిలోకి వెళ్తే, తలుపు వెనక వంకీలకి రెండు లైఫ్ జాకెట్లు వేలాడుతున్నాయి, ఇంకా చీటీలు కూడా తీయనివి. రెంటి మీదా ఒకే అక్షరాలు. యాభై పౌండ్లు దాటిన పిల్లలకి. పాప యాభై ఎనిమిది. బాబు నలభై రెండు. కిందటి నెల డాక్టరు దగ్గర తూచినప్పుడు ఆ అంకె చూసి, సన్నగా ఉన్నాడని బెంగ పెట్టుకున్నది నేనే. జాకెట్ కొన్నప్పుడు ఆ అంకె గుర్తు రాలేదు. గుర్తొచ్చినా, పెరిగే పిల్లాడు కదా అనుకునేదాన్నేమో. మిల్లీమీటర్ల కోసం మూడు వారాలు చదివిన మనిషిని, వీడి చీటీ మీద ఒక్క వాక్యం చదవలేదు.

అక్కడే నేల మీద కూర్చుండిపోయాను. సముద్రంలో రాని ఏడుపు అప్పుడొచ్చింది. తరవాత లేచి, వంటింటి బల్ల దగ్గర ఇది రాయడం మొదలుపెట్టాను. పొద్దున్న పిల్లలకి ఏం చెప్పాలో ఎంతకీ తేలలేదు. ఇక్కడ కాగితం పక్కన పెట్టి పడుకున్నాను.

మిగతాది మర్నాడు రాస్తున్నది.

పొద్దున్న ఉప్మా తింటున్న బాబుకి ఆ జాకెట్ తొడిగాను. బకిల్స్ అన్నీ పెట్టి, పట్టీలు చివరిదాకా బిగించాను. రెండు భుజాల దగ్గరా పట్టుకుని పైకెత్తాను. జాకెట్ వచ్చింది, బాబు రాలేదు. వాడి గడ్డం, నోరు, ముక్కు, అన్నీ అందులోకి పోయి, రెండు కళ్లు మాత్రం పైన మిగిలాయి. వాడు లోపల్నించి నవ్వుతున్నాడు. తాబేలు అట. అత్తయ్యగారు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయారు. మా ఆయన కాఫీ కప్పు కింద పెట్టేశాడు. వాళ్లిద్దరికీ అర్థమైంది. నేను చెప్పబోతున్నానని తెలిసి కూడా ఎవరూ వద్దనలేదు.

పిల్లలిద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకుని చెప్పాను.

"నిన్న నేను ఐస్‌క్రీమ్ తినలేదు. నాకు బాగా చలేసింది. చేతులు పని చేయలేదు. గాలి నన్ను దూరంగా తోసేసింది. నాకు చాలా భయం వేసింది. నా సూట్ నాకు పెద్దది, నీళ్లు లోపలికొచ్చేశాయి. నేనే తప్పు సైజ్ కొన్నాను."

పాప ఉప్మా గిన్నె వైపే చూస్తూ, "నాకు తెలుసు," అంది. "నువ్వు స్మాల్ అయిపోయావు. నాన్నకి చెప్దామనుకున్నా. కానీ నువ్వు బాగానే ఉన్నావేమో, ఊరికే డిస్టర్బ్ అవుతావేమో అని."

ఆ మాట వినగానే నాకు మళ్లీ చలేసింది. దాన్ని దగ్గరికి తీసుకున్నాను.

"ఇది తమ్ముడికి పెద్దది. వాడికి సరిపోయేది వచ్చేదాకా వాడు నీళ్లలో దిగడు, క్లాస్ పోయినా సరే," అన్నాను.

"నేను పెరుగుతా కదా?" అన్నాడు బాబు, జాకెట్ లోంచి.

"పెరిగాక పెద్దది కొంటాను. ఇప్పుడు నువ్వు ఎంత ఉన్నావో అంతదే కావాలి."

తరవాత పాపకి చెప్పాను, ఇద్దరికీ వినిపించేలా. "నీళ్లలో ఉన్నా, ఒడ్డున ఉన్నా, భయం వేసిన వెంటనే అరవండి. ఎవరికి ఇబ్బందో ఆలోచించొద్దు. నిన్న ఒక తాతగారు పక్కనే ఉన్నారు. నేను చాలా సేపు పిలవలేదు. మీరు అలా ఆగకండి."